తల దించుకుని విన్న ఒక రోజు: రెటీనా ఆపరేషన్ తర్వాత నాకు తోడున్న రేడియో

కంట్లో గ్యాస్ నింపాం, పది రోజులు ముఖం నేలవైపే ఉండాలి అని డాక్టరు గారు చెప్పగానే నేను అడిగిన మొదటి మాట, "మరి అన్నం ఎలా తినాలండీ?" అని. అన్నం ఎలాగో తినేశాను. పొద్దు గడపడమే కష్టమైంది. ఆ సంగతి ముందుగా ఎవరూ చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఇలాంటి ఆపరేషన్‌కు వెళ్లబోతున్నవాళ్లకు ఎంతోకొంత పనికొస్తుంది.

మాది తెనాలి. ప్రెస్సులో డీటీపీ పని చేస్తాను. పొద్దున్నుంచి రాత్రి దాకా స్క్రీనే. 2023 నవంబర్ 4, శనివారం సాయంత్రం పని చేస్తుంటే ఎడమ కన్ను పక్కన మెరుపు మెరిసినట్టైంది. ట్యూబులైటు ఏమోననుకున్నాను. మర్నాటికి కంటి ముందు నల్లటి చుక్కలు దోమల్లా ఆడాయి. సోమవారం ఊళ్లోనే ఒకచోట చూపించుకున్నాను. రెండు గంటలు కూర్చోబెట్టి, కంప్యూటర్ వల్ల కళ్లు పొడిబారాయని చుక్కల మందు రాసి పంపారు. కంటిపాప పెద్దది చేసి లోపల రెటీనాను, అంటే కంటి వెనక ఉండే పొరను, చూడలేదు. మెరుపులు, చుక్కలు మొదలైతే "లోపల రెటీనా చూడండి" అని మనమే గట్టిగా అడగాలని నాకు అప్పుడు తెలియదు. మంగళవారం రాత్రికి ఎడమ కంట్లో కింది మూల నుంచి ఎవరో నల్ల తెర లాగుతున్నట్టు చీకటి పైకి పాకింది.

8వ తేదీ పొద్దున్నే విజయవాడ వెళ్లాం. ఎనిమిదిన్నరకు టోకెన్ తీసుకుంటే డాక్టరు గారి గదిలోకి వెళ్లేసరికి ఒంటిగంటా పావు. ఈలోపు చుక్కలు వేయడం, కళ్లు మూసుకుని కూర్చోవడం, మళ్లీ వేయడం. ఆవిడ చూసి రెటీనా ఊడిందన్నారు. మధ్య భాగం ఇంకా ఊడలేదని, రేపే చేసేద్దామని చెప్పారు. ఆపరేషన్‌కు 82 వేలు, పరీక్షలకు నాలుగున్నర వేలు. ఇన్సూరెన్స్ లేదు. మా ఆవిడ తన పేరున నడుస్తున్న చీటీ ఆ సాయంత్రమే పాడేసింది. ఎంత తగ్గించి పాడిందో ఈరోజుకీ నాకు చెప్పలేదు.

ఆపరేషన్ గంటా ఇరవై నిమిషాలు పట్టింది. మత్తు కంటి పక్కన ఇంజెక్షన్‌గా ఇస్తారు కాబట్టి మెలకువగానే ఉంటాం. నొప్పి లేదు కానీ అన్నీ వినిపిస్తాయి, దానికి మనసు సిద్ధం చేసుకోవాలి. 10వ తేదీ కట్టు విప్పి, జాగ్రత్తలు చెప్పి ఇంటికి పంపారు. గంటలో నలభై అయిదు నిమిషాలు ముఖం నేలకేసి ఉండాలి. మిగతా పదిహేను నిమిషాల్లోనే తిండి, స్నానం, మిగతా పనులు. నిద్ర కూడా బోర్లానే. గ్యాస్ బుడగ పైకి తేలి, కంటి వెనక ఊడిన పొరను ఒత్తిపెట్టి ఉంచుతుందట. గ్యాస్ పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు. మూడు రకాల చుక్కలు, రోజుకు ఆరుసార్లు. ఒక మందుకూ ఇంకో మందుకూ అయిదు నిమిషాల ఎడం.

మొదటి నాలుగు రోజులు తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది. టేబుల్ అంచున దిండు పెట్టి దానిమీద నుదురు ఆనించి కూర్చునేవాణ్ని. కనిపించేది ఒక్క మొజాయిక్ గచ్చు. నా ముఖం కింద ఉన్న ఆ పలకలో ఎన్ని తెల్ల రాళ్లు, ఎన్ని నల్ల రాళ్లు ఉన్నాయో లెక్కపెట్టాను. ఫోన్ చూడొద్దన్నారు కదా, పాటలు పెట్టించుకుని విందామనుకున్నాను. ఒక పాట పూర్తవగానే "అది మార్చరా", "ఇంకోటి పెట్టరా" అని మా అబ్బాయిని పిలవడం, వాడు చదువుతున్న పుస్తకం వదిలి రావడం. నాకు ఇష్టమైన పాటలన్నీ ఒకటిన్నర రోజులో అయిపోయాయి. ఇష్టమైనవే అయినా మళ్లీ వింటుంటే విసుగొచ్చింది. ఏం వినాలో ఆలోచించుకునే ఓపిక కూడా లేదు. దీపావళి రోజు వీధంతా టపాసులు మోగుతుంటే నేను గచ్చు చూస్తూ కూర్చున్నాను. 13వ తేదీ రాత్రి బోర్లా పడుకుని, కన్నీళ్లు వస్తే కంటికి ఏమవుతుందోనని భయపడుతూనే ఏడ్చాను.

రేడియో మాట ఎత్తింది అమ్మ. 14వ తేదీ మధ్యాహ్నం అటక మీద నుంచి నాన్న ట్రాన్సిస్టర్ దింపించింది. పాత చీర ముక్కలో చుట్టి ఉంది. పక్కనే లైసెన్సు పుస్తకం. రేడియో ఉన్నందుకు పోస్టాఫీసులో ఏటేటా డబ్బు కట్టి ముద్ర వేయించుకున్న పుస్తకం అది. నాన్న పోయి పదకొండేళ్లయినా అమ్మ దాన్ని పారేయలేదు. సెల్స్ పెట్టే చోట తుప్పు పట్టి పచ్చగా పొడి రాలుతోంది. మా అబ్బాయి గడియారాల షాపుకు తీసుకెళ్తే ఆయన స్ప్రింగులు గీకి, ఒక వైరు అతికించి 150 రూపాయలు తీసుకున్నాడు. కొత్త సెల్స్‌తో కలిపి 230 అయింది.

ఇంటికి తెచ్చి పెడితే బరబర తప్ప ఏమీ లేదు. పాడైపోయిందనే అనుకున్నాం. తీరా చూస్తే పక్కన గోడకున్న ఫోన్ చార్జర్, పైనున్న ఎల్ఈడీ లైటు వల్ల ఆ గోల. అవి రెండూ ఆపేస్తే సగం తగ్గింది. మిగతా సగం రేడియోను కాస్త పక్కకు తిప్పితే పోయింది. మీడియం వేవ్‌కు పైకి లాగే ఏరియల్‌తో పని లేదు. దాని ఏరియల్ పెట్టె లోపలే అడ్డంగా ఉంటుంది కాబట్టి పెట్టెనే తిప్పాలి. 837 దగ్గర ముల్లు పెట్టి, రేడియోను గచ్చు మీద సరిగ్గా నా ముఖం కిందకు జరిపి, ఆకాశవాణి విజయవాడ శుభ్రంగా వినిపించే దిక్కుకు చాక్‌పీసుతో గీత గీసుకున్నాం.

ఇక 15వ తేదీ, బుధవారం. ఆ రోజు తెల్లారుజాము నుంచి రాత్రి దాకా మొత్తం నాకు గుర్తుంది.

ఆరు కాకముందే అమ్మ స్విచ్ వేసింది. మొదట మాటా పాటా లేని ఒక నిశ్శబ్దం. స్టేషన్ ఉంది కానీ ఇంకా ఎవరూ మాట్లాడట్లేదు. తర్వాత ఆ ట్యూన్. తంబురా మీద వయొలిన్‌తో సాగే ఆకాశవాణి సిగ్నేచర్ ట్యూన్. నాజీల బారి నుంచి తప్పించుకుని బొంబాయి చేరిన వాల్టర్ కౌఫ్‌మన్ అనే యూదు సంగీతకారుడు కట్టిన బాణీ అది. శివరంజని ఛాయలు ఉంటాయి. చిన్నప్పుడు అది వినబడితే ఇంక లేవాలి అని దుప్పటి ముఖం మీదికి లాక్కునేవాణ్ని. ఆ పొద్దున అది వినబడగానే, ఆరు రోజుల్లో మొదటిసారి, ఇది కొత్త రోజు అని మనసుకు తోచింది. అప్పటిదాకా నాకు పగలూ రాత్రీ ఒకే ముద్దగా ఉన్నాయి.

వందేమాతరం అయ్యాక భక్తిరంజని. విజయవాడ కేంద్రంలో బాలాంత్రపు రజనీకాంతరావు గారు తీర్చిదిద్దిన కార్యక్రమం. ఆ కేంద్రం మొదలైంది 1948 డిసెంబర్ 1న, మా అమ్మ పుట్టింది ఆ మరుసటి ఏడు. కార్తీకం వచ్చిన రెండో రోజు కావడంతో శివుడి పాటలు వచ్చాయి. అమ్మ వంటింట్లో నుంచే గొంతు కలిపింది. అమ్మ పాడగా విని ఎన్నేళ్లయిందో.

6:55కి సంస్కృత వార్తలు. "ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతామ్" అనగానే, చిన్నప్పుడు మేమంతా బడికి వెళ్తూ "ప్రవాచకః బలదేవానంద సాగరః" అని అరుచుకుంటూ నడిచిన రోడ్డు కళ్లముందుకు వచ్చింది. ఇప్పుడు చదివే గొంతు వేరు. అర్థం అప్పుడూ తెలియదు, ఇప్పుడూ సగమే. అయినా ఆ అయిదు నిమిషాలు సరిగ్గా రెండు మందుల మధ్య ఎడానికి సరిపోయాయి. అది మొదలయ్యేటప్పుడు ఒక చుక్క, ముగిసేటప్పుడు రెండోది. ఆ రోజు నుంచి అలారం పెట్టుకోవడం మానేశాం. రెండో మందుకూ మూడో మందుకూ నడుమ అయితే ఒక పాట.

తెలుగు వార్తల్లో ఉత్తరాఖండ్ సంగతి చెప్పారు. ఉత్తరకాశీ దగ్గర సిల్క్యారాలో, దీపావళి తెల్లవారుజామున సొరంగం కూలి 40 మంది కూలీలు లోపల చిక్కుకుపోయారు. పైపులోంచి గాలి, తిండి పంపిస్తున్నారు. ఢిల్లీ నుంచి పెద్ద డ్రిల్లింగ్ యంత్రాన్ని వాయుసేన విమానాల్లో తెస్తున్నారు. ఆ వార్త నాకు తెలియదు. దీపావళి నుంచి నేను నా గచ్చు పలకలోనే ఉన్నాను. వాళ్లు కూడా ఆ రోజు నుంచే చీకట్లో ఉన్నారని విన్నాక, నా కన్ను గురించి నేను పడుతున్న బాధ పోలేదు గానీ అది ఒక్కటే కాకుండా పోయింది. అమ్మ పోపు వేస్తున్నదల్లా ఆగి, "పాపం, వాళ్లకెవరన్నా ఒక రేడియో పంపిస్తే బాగుండురా" అంది.

తర్వాత సినిమా పాటలు కొన్ని, మధ్యలో ఒక ప్రసంగం. ఒక డాక్టరు గారు షుగరు ఉన్నవాళ్లు కాళ్లు ఎలా చూసుకోవాలో చెప్పారు. నాకు షుగర్ లేదు. నన్ను ఎంచుకోమంటే ఎప్పటికీ వినను. అయినా మాట వదలకుండా విన్నాను. రోజూ పడుకునే ముందు అరికాళ్లు చేత్తో తడిమి చూసుకోమని ఆయన చెప్తుంటే అమ్మ అక్కడే కూర్చుని తన కాళ్లు చూసుకుంది. ఆ తర్వాత వీణ కచేరీ. ఏ రాగమో నాకు తెలియదు. కుడి కంటితో ఆ పలక మీద ఒక చీమ పంచదార పలుకు మోసుకుపోవడం చూస్తూ విన్నాను. రేడియో అంచు దాకా వెళ్లి, ఆ అదురుకు ఆగి, చుట్టూ తిరిగి పోయింది. ఎడమ కంట్లో బుడగ నేను ఊపిరి పీల్చినప్పుడల్లా నీళ్లలో నూనె చుక్కలా వణికింది. తల దించి ఉన్నప్పుడు అది కరెక్టుగా మధ్యలో గుండ్రంగా కనిపిస్తుంది. మొదట్లో దాన్ని చూస్తే వాంతి వచ్చేది. వీణ అయ్యేసరికి దాన్ని చూస్తూ ఉండగలిగాను.

ఫోన్‌లో పాటలకూ దీనికీ తేడా నాకు అక్కడే తెలిసింది. నేను ఏదీ అడగనక్కర్లేదు. నచ్చనిది వచ్చినా ఇంకో పావుగంటలో అది వెళ్లిపోతుంది, దాని తర్వాత ఏదో వస్తుంది. ఆ "ఏదో" కోసం ఎదురుచూడటమే నాకు పెద్ద పనిగా దొరికింది. మెడ నొప్పి పుట్టినప్పుడు ఇంకా ఎన్ని గంటలు అనుకోకుండా, ఈ కచేరీ అయ్యేదాకా అనుకున్నాను. మా ఆవిడ "ఇవాళ మీరు గోడ గడియారం టైమెంతని ఒక్కసారి కూడా అడగలేదు" అంది.

పన్నెండు దాటాక మా అక్క గుంటూరు నుంచి వచ్చింది. భగినీ హస్త భోజనం అట. అన్నదమ్ములు ఆ రోజు తోబుట్టువు చేతి అన్నం తినాలి. బస్సు దిగి ఎండలో క్యారియర్ పట్టుకుని వచ్చింది. నేను తలెత్తితే, "దించు, దించు" అని తనే గచ్చు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కింది నుంచి నా నోట్లో ముద్దలు పెట్టింది. గుత్తివంకాయ, పప్పుచారు. ముఖం చూడలేకపోయాను, గాజులున్న చేతులు మాత్రం కనిపిస్తున్నాయి. రేడియోలో జానపదాలు వస్తున్నాయి. "ఒరే, ఇది నాన్నది కదూ" అని రేడియో మీద చెయ్యి వేసింది. ఇక అక్కా అమ్మా మొదలుపెట్టారు. ఉషశ్రీ గారు ఆదివారం మధ్యాహ్నం భారతం చెప్తుంటే మా వీధిలో ఇంటింటా అదే గొంతు వినిపించేదని, అది అయ్యేదాకా అన్నాలు వడ్డించేవాళ్లు కాదని. ఆ గంట నేను కంటి సంగతే మర్చిపోయాను.

రెండింటికి క్రికెట్. ముంబై వాంఖడేలో న్యూజీలాండ్‌తో ప్రపంచకప్ సెమీఫైనల్. ముల్లు తిప్పి వెతికితే కామెంటరీ దొరికింది, కాసేపు హిందీ, కాసేపు ఇంగ్లీషు. నాకు హిందీ అంతంత మాత్రం. కానీ కామెంటేటరు గొంతు పైకి లేచే తీరులోనే బంతి ఎక్కడికి పోతోందో తెలిసిపోతుంది. రోహిత్ 47 కొట్టి వెళ్లాడు. గిల్ కండరాలు పట్టేసి మధ్యలో బయటికి వెళ్లాడు. కోహ్లీ వంద దగ్గరికి వస్తుంటే రేడియోలో జనం హోరు వానలా పెరిగింది. సచిన్ చూస్తుండగానే 50వ వన్డే సెంచరీ. నేను "కొట్టేశాడు!" అని అరిచిన కొన్ని సెకన్లకు పక్కింటి పిల్లలు కేక వేశారు. వాళ్లు ఫోన్‌లో చూస్తున్నారు, అది వెనకబడి వస్తుంది. ఆ తర్వాత వాళ్లు గోడ దగ్గరికి వచ్చి "అంకుల్, ఏమైంది, ఏమైంది?" అని నన్నే అడిగారు. ఇన్ని రోజులు ఎవరికీ పనికిరాకుండా పడి ఉన్నానన్న దిగులు అప్పుడు కాస్త కరిగింది.

397 పరుగుల దగ్గర మన ఇన్నింగ్స్ ముగిశాక మళ్లీ 837కి వచ్చాను. ప్రాంతీయ వార్తలు, వాతావరణం. బంగాళాఖాతంలో వాయుగుండం, మత్స్యకారులు వేటకు వెళ్లవద్దన్నారు. తర్వాత రైతుల కార్యక్రమం. మాగాణి మీద రైతు పేరూ ఊరూ అడిగి, ఏ రకం వేశారు, ఎన్ని బస్తాలు వస్తాయనుకుంటున్నారు అని మాట్లాడుతున్నారు. కోతల ముందు వాన పడితే ఏం చేయాలో చెప్పారు. మాకు పొలం లేదు. కానీ నాన్న కౌలుకు చేసినన్నాళ్లూ ఈ కార్యక్రమం వచ్చే వేళకు గట్టు మీద నుంచి ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా అరుగు మీద కూర్చుని వినేవాడు. ఆ రేడియోలోంచే ఆ మాటలు వింటుంటే నాన్న కాళ్లకు అంటిన బురద వాసన నిజంగానే తగిలింది.

రాత్రి మళ్లీ మ్యాచ్. విలియమ్సన్, మిచెల్ నిలబడిపోయారు. షమీ చేతిలో పడిన క్యాచ్ జారిపోయినప్పుడు స్టేడియం మొత్తం మూగబోవడం రేడియోలో వినాలి. టీవీలో ఆ నిశ్శబ్దం అంత తెలియదు. ఆ షమీనే తర్వాత ఒక్క ఓవర్లో ఇద్దరిని తీసి, మొత్తం ఏడు వికెట్లు పడగొట్టాడు. 70 పరుగులతో గెలిచేసరికి పదిన్నర. చివరి చుక్కల మందు వేసి మా ఆవిడ లైటు ఆపింది. బోర్లా పడుకున్నాక కూడా సన్నగా పెట్టుకుని, ఎవరో హిందుస్తానీ పాడుతుంటే విన్నాను. మెడ నొప్పి అంతే ఉంది. నిద్ర మాత్రం పట్టింది.

మర్నాడు విజయవాడలో చూపించుకున్నాం. టోకెన్ నుంచి బయటపడేసరికి నాలుగు గంటలు, కారుకు 1,800, మందులకు 1,900. రెటీనా అతుక్కుందని చెప్పారు. ఇంకో నాలుగు రోజులు అలాగే ఉండమన్నారు. ఉన్నాను. ఆ రోజులన్నీ రేడియోతోనే. ఈ పని మీద పడ్డవాళ్లకు చెప్పేది ఒకటే: ఆపరేషన్‌కు ముందే రేడియో బాగుచేయించి పెట్టుకోండి, స్టేషన్ ఏ మూల బాగా వస్తుందో చూసి అక్కడే టేబుల్ వేసుకోండి. సెల్స్ ఇంకో జత కొని ఉంచుకోండి. మాకు అయిదో రోజు సరిగ్గా నాటకం సగంలో ఉండగా అయిపోయాయి.

20వ తేదీ నుంచి తలెత్తవచ్చన్నారు. బుడగ మెల్లగా చిన్నదవుతూ, కంటికి అడ్డంగా నీటి మట్టంలా ఒక గీత కనిపిస్తూ వచ్చింది. గీతకు పైన చూపు, కింద మసక. వార్తలు మాత్రం ఒక్క పూట కూడా వదల్లేదు. మధ్యలో లెక్క సరిచేసి సొరంగంలో ఉన్నది 41 మంది అన్నారు. యంత్రం ఆగిందన్నారు, విరిగిందన్నారు, చేత్తో తవ్వుతున్నారన్నారు. అమ్మ ప్రతిసారీ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడి విని వెళ్లేది.

28వ తేదీ రాత్రి, పదిహేడో రోజు, అందరూ బయటికి వచ్చారని చదివారు. ఆ వార్త నేను కుర్చీలో నిటారుగా కూర్చుని విన్నాను. గీత కంటికి సగం దాకా దిగింది. దాని పైనుంచి గుమ్మంలో నిలబడిన అమ్మ ముఖం కనిపించింది. చేతిలో గరిటె అలాగే ఉంది, కళ్లు తుడుచుకుంటోంది. "ఇంకాస్త పెంచరా, సరిగా వినబడలేదు" అంది. పెంచాను.